పెళ్లి పూలకి రంగు తర్వాత, ముందు టైమ్ చూడండి

పెళ్లి పూల మాట వస్తే ఎవరైనా ముందు అడిగేది ఏ రంగు అని. ఆ వెంటనే ఎవరో ఒకరు ఫోన్ తీసి పింటరెస్ట్‌లో ఒక ఫొటో చూపిస్తారు, అందరూ సూపర్ అంటారు, అది డెకరేటర్‌కి ఫార్వర్డ్ అయిపోతుంది, ఇక పూల పని అయిపోయినట్టే. కానీ అలాంటి ఫొటోలు ఎక్కువగా పూలు సర్దిన కాసేపటికే తీసేస్తారు, ఐదారు గంటల తర్వాత ఆ పూల మొహం ఎలా ఉందో ఎవరూ పోస్ట్ చెయ్యరు. నన్నడిగితే రంగు చివర్లో తేల్చుకోవాల్సిన సంగతి. ఆ పువ్వు ఎన్ని గంటలు నిలబడాలి, ఎంత వేడిలో, కాడకి నీళ్లు అందుతాయా లేదా, ఇవి ముందు తేలాలి.

కోసేసిన పువ్వు కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ లోపలున్న చక్కెర తొందరగా ఖర్చయిపోతుంది, రేకుల్లోంచి నీరు ఆవిరైపోతుంది. అందుకే గులాబీలు, కార్నేషన్ల లాంటివి 1 నుంచి 4 డిగ్రీల చలిలో దాస్తారు. అదే చలిలో ఆర్కిడ్లు, ఆంథూరియంలు పెడితే మాత్రం మచ్చలు పడి నల్లబడతాయి, అవి వేడి ప్రాంతాల మొక్కలు కదా, 10 డిగ్రీల కిందకి దిగితే తట్టుకోలేవు. అన్నీ కలిపి ఒకే ఫ్రిజ్‌లో కుక్కేవాళ్లు ఉంటారు, కాబట్టి ఎక్కడ దాస్తారు అని అడగడం తప్పేం కాదు.

ఇక హైడ్రేంజియా, అంటే చిన్న చిన్న పూలన్నీ కలిసి ఒక పెద్ద బంతిలా ఉండే గుత్తి. ఫొటోల్లో అందరికీ నచ్చేది ఇదే, ఒక్క తల పెడితే బోలెడంత జాగా నిండిపోతుంది. కానీ దీనికి ఉన్నంత దాహం ఇంకో పువ్వుకి ఉండదేమో, నీళ్లు లేకుండా ఎండలో పెడితే కొన్ని గంటల్లోనే రేకులు మెత్తబడి తల వేలాడేస్తుంది. తమాషా ఏంటంటే వాడిన తలని మొత్తం నీళ్లలో ముంచి కాసేపు ఉంచితే చాలాసార్లు మళ్లీ లేస్తుంది, ఎందుకంటే అది రేకుల్లోంచి కూడా నీరు తాగుతుంది. అలాగని పెళ్లి మధ్యలో బకెట్ పట్టుకుని ఎవరు తిరుగుతారు? కుండీలో పెట్టే చోట హైడ్రేంజియా ఓకే, దండలో, జడలో, చేతి గుత్తిలో ఆర్కిడ్, చేమంతి, కార్నేషన్ లాంటి గట్టి పిండాలు నయం. గార్డేనియా అనే తెల్లటి వాసన పువ్వు అయితే వేలు తగిలినా రేకు మీద గోధుమ రంగు మచ్చ పడుతుంది, వచ్చినవాళ్లంతా కౌగిలించుకునే మనిషి దగ్గర అది పెట్టడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

లిల్లీల్లో, అంటే మన దండల్లో గుచ్చే చిన్న లిల్లీ కాదు, బొకేల్లో పెట్టే పెద్ద రేకుల లిల్లీల్లో, ఇంకో గొడవ ఉంది. విచ్చుకున్న లిల్లీ మధ్యలో కాషాయం రంగు పుప్పొడి తిత్తులు వేలాడుతుంటాయి, అవి తెల్ల బట్టకి తగిలాయంటే అంతే సంగతులు. విచ్చుకోగానే పుప్పొడి రాలకముందే వాటిని తుంచెయ్యాలి. ఒకవేళ మరక పడితే తడి చేత్తో రుద్దకండి, ఇంకా లోపలికి దిగుతుంది, సెల్లో టేప్ అంటించి లాగితే చాలావరకు వచ్చేస్తుంది.

పళ్ల బుట్టల పక్కన పూలు పెట్టడం కూడా అలవాటైపోయింది. పండిన ఆపిల్, అరటిపండు ఎథిలీన్ అనే గ్యాస్ వదులుతాయి, కార్నేషన్లు, డెల్ఫీనియంలు ఆ గ్యాస్‌కి తొందరగా ముడుచుకుపోతాయి, రేకులు రాల్చేస్తాయి. రాత్రంతా ఒకే గదిలో పెట్టి తెల్లారి పూలవాడిని తిడితే లాభం లేదు.

రంగు విషయానికొస్తే, పగలు ఫోన్‌లో చూసిన రంగు రాత్రి లైట్ల కింద ఉండదు. నీలం లైట్ పడితే ఎర్ర గులాబీ నల్లగా కనిపిస్తుంది, తెల్ల పువ్వు ఏ లైట్ వేస్తే ఆ రంగులోకి మారిపోతుంది, కాబట్టి లైటింగ్ వాళ్లతో మాట్లాడకుండా పూల రంగు ఫైనల్ చెయ్యడం దండగ. నీలం గులాబీ కావాలని పట్టుబట్టేవాళ్లకి ఒక మాట: గులాబీ జాతిలో ఆ నీలం వర్ణం తయారయ్యే జన్యువే లేదు, జపాన్ కంపెనీ సంటోరీ వేరే మొక్క జన్యువు పెట్టి చేసి 2009లో అమ్మకానికి తెచ్చిన దాని రంగు కూడా లేత ఊదాలాగే ఉంటుంది. బయట దొరికే చిక్కటి నీలం గులాబీలన్నీ రంగేసినవే, తడి తగిలితే చేతికీ బట్టకీ అంటుకోవచ్చు.

సీజన్ సంగతి అందరికీ తెలిసిందే అనుకుంటాం కానీ పియోనీ అనే బోలెడు రేకుల పెద్ద పువ్వు దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాం. దాని అసలు కాలం వసంతం చివర, మహా అయితే కొన్ని వారాలు. మిగతా టైమ్‌లో కావాలంటే భూమికి అవతలి వైపు నుంచి విమానంలో రావాలి, దారిలో ఒక్క రోజు లేటైతే వేరే పువ్వుతో సర్దుకోవడమే. ఆ సర్దుబాటు ఏంటన్నది పెళ్లి రోజు పొద్దున డెకరేటర్ సొంతంగా తేల్చేస్తాడు, అందుకే ఆర్డర్ రాసేటప్పుడే అడిగిన పువ్వు దొరక్కపోతే దాని బదులు ఏది పెట్టాలో, ఏది అస్సలు పెట్టకూడదో రెండూ రాయించుకోండి.