మీ కోసం ప్రార్థిస్తున్నాం బ్రదర్

చర్చి సంఘ నాయకులకు ఈ మధ్య పని బాగా పెరిగిపోయింది. ప్రసంగం సిద్ధం చేసుకోవాలి, దాన్ని వీడియో తీయించాలి, ఎంతమంది చూశారో గంటకోసారి చూసుకోవాలి. వీటి మధ్యలో విశ్వాసుల కోసం ప్రార్థన కూడా చేయాలంటే ఎవరికైనా కష్టమే. అలాగని మానేయమని సలహా ఇవ్వలేం. నాయకుడికి ప్రార్థన అంత పనికొచ్చేది మరొకటి లేదు, వాడుకోవడం తెలియాలంతే.

అన్నిటికంటే తేలికైనది వాట్సాప్ ప్రార్థన. "అయ్యగారూ, రేపు అమ్మకు ఆపరేషన్, ప్రార్థించండి" అని ఎవరో మెసేజ్ పెడతారు. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపితే అయిపోయింది. అవతలివాళ్లకు ధైర్యం, మనకు తృప్తి. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. మర్నాడు ఫోన్ చేసి "ఆపరేషన్ ఎలా జరిగిందమ్మా?" అని అడగకూడదు. అడిగితే సరిగా జరగలేదని చెప్పొచ్చు. అప్పుడు నిజంగానే ప్రార్థన చేయాల్సి వస్తుంది.

ఇక ఆదివారం మైకులో చేసే ప్రార్థన. కళ్లు మూసుకుని దేవుడితో మాట్లాడుతున్నట్టే ఉంటుంది కానీ, ఇది ముఖ్యంగా జనానికి చెప్పాల్సిన సంగతులు చెప్పుకోవడానికి. "ప్రభువా, వచ్చే శనివారం సాయంత్రం ఆరు గంటలకు యువజన కూటం ఉందని నీకు తెలుసు" అంటే దేవుడికి గుర్తుచేసినట్టూ ఉంటుంది, ప్రకటన చదివే పనీ తప్పుతుంది. చీవాట్లు పెట్టడానికి కూడా ఇంతకంటే మంచి సమయం దొరకదు. "తండ్రీ, నీ సన్నిధికి ఆలస్యంగా వచ్చే బిడ్డలను క్షమించు" అని గొంతు కాస్త పెంచండి. అప్పుడే వెనక తలుపు తీసిన ఆయన ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని ఆమేన్ వరకూ అలాగే నిలబడిపోతాడు. మామూలుగా మందలిస్తే ఎదురు చెప్పేవాడేమో. ప్రార్థన మధ్యలో ఎవరు ఎదురు చెప్తారు?

కమిటీలో ఎవరైనా లెక్కలు అడిగితే, "నీ పనికి అడ్డుపడుతున్న అపవాది ఆలోచనలను భగ్నం చేయి ప్రభువా" అంటే చాలు. పేరు చెప్పకూడదు, అది మర్యాద కాదు. ఆయన కూర్చున్న వైపు తల కొంచెం తిప్పితే సంఘమంతటికీ అర్థమవుతుంది.

ప్రార్థన మనవుల పెట్టెతో మాత్రం కొంచెం ఇబ్బందే. మైకులో చెప్పుకోలేనివన్నీ జనం ఆ చీటీల్లో రాసి వేస్తారు. నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద, వంకరటింకర అక్షరాలతో, "మా నాన్న తాగి వచ్చి అమ్మను కొట్టకూడదు" అని ఉంటుంది. పేరుండదు. ఇలాంటిది ఒక్కటి చదివినా ఆ రోజు భోజనం సయించదు, పైగా ఆ ఇల్లు ఎవరిదో వెతుక్కుంటూ వెళ్లాలనిపిస్తుంది. అందుకే అనుభవజ్ఞులు చీటీలు విప్పరు. పెట్టె మీద చేయి ఉంచి, "ఇందులో ఏముందో నీకు తెలుసు ప్రభువా" అంటారు. ఎంత విశ్వాసం! ఆ విశ్వాసంతోనే కానుకల పెట్టెను కూడా విప్పకుండా వదిలేసినవారు ఇంతవరకూ నాకు తగల్లేదు.

ఇంత చక్కగా సాగిపోతున్న పనికి అడ్డం వస్తున్నది, చెప్పడానికి బాధగా ఉంది కానీ, బైబిలే. అందులోని నాయకులకు బొత్తిగా లౌక్యం తెలియదు.

ఇశ్రాయేలు జనాన్ని ఎడారిలో నడిపించిన మోషేనే తీసుకోండి. అక్క మిర్యాము, అన్న అహరోను ఆయనకు వ్యతిరేకంగా మాట్లాడారు. దేవుడు మోషేతోనే మాట్లాడాడా, మాతో మాట్లాడలేదా అన్నారు. మిర్యాముకు కుష్ఠు వచ్చింది. నాయకుడిని విమర్శిస్తే ఏమవుతుందో చూడండి అంటూ మూడు రోజుల ప్రత్యేక కూటాలు పెట్టుకోవాల్సిన సందర్భమిది. ఆ మహానుభావుడు ఏం చేశాడు? "దేవా, దయచేసి ఈమెను బాగుచెయ్యి" అని మొరపెట్టాడు. అంతే ప్రార్థన, ఒక్క వాక్యం. తన మీద నోరు పారేసుకుందని దేవుడికి ఒక్క మాట చెప్పలేదు. ఆమె శిబిరం బయట ఉన్న ఏడు రోజులూ జనమంతా కదలకుండా ఆగారు. కార్యక్రమాలన్నీ వెనకబడలేదూ?

తొలినాటి సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు ఇంకో రకం. ఉత్తరం రాశాడంటే పేర్లే పేర్లు. రోమా సంఘానికి రాసిన ఉత్తరం చివరి అధ్యాయం చూస్తే ఇరవైమందికి పైగా కనిపిస్తారు, ఫలానామె ఎంత కష్టపడింది, ఫలానావాళ్లు తన కోసం ప్రాణాలకు ఎలా తెగించారు అంటూ. మనం మాత్రం "అందరినీ దీవించు" అని ఒక్క మాటలో తేల్చేస్తాం. సరే, పేర్ల పిచ్చి అనుకుని వదిలేద్దాం. కానీ ఆయన అడిగేవి చూస్తే భయమేస్తుంది. ఉద్యోగం, పెళ్లి సంబంధం, సొంతిల్లు లాంటివి ఏ నాయకుడైనా అడుగుతాడు. వస్తే దేవుడే ఇచ్చాడని అందరి ముందూ సాక్ష్యం చెప్పించవచ్చు, రాకపోతే వాళ్ల విశ్వాసం చాలలేదనవచ్చు. ఈయన ఫిలిప్పీ సంఘం కోసం చెరసాలలో కూర్చుని, వాళ్ల ప్రేమ తెలివితోనూ సకల విధమైన వివేచనతోనూ పెరగాలని ప్రార్థించాడు. మందకు వివేచన! అది నిజంగా వచ్చేస్తే ఇంకేమైనా ఉందా? ప్రసంగంలో చెప్పిన వచనం ఆ అధ్యాయంలో ఉందో లేదో చూస్తారు. కారు ఎవరి పేరు మీద ఉందని అడుగుతారు. పక్క సంఘంవాళ్లు కూడా మంచివాళ్లే అనుకోవడం మొదలుపెడతారు. దయచేసి ఈ ప్రార్థన జోలికి ఎవరూ వెళ్లకండి. దేవుడు ఒక్కోసారి వింటాడు.

ఎపఫ్రా అని ఇంకొకాయన ఉన్నాడు, కొలొస్సయి ఊరి సంఘంవాడే. తన సంఘానికి దూరంగా ఉండి, వాళ్ల కోసం ప్రార్థనలో ఎప్పుడూ పోరాడుతూ ఉండేవాడని పౌలు రాశాడు. ఆయన చేసిన ప్రసంగం బైబిల్లో ఒక్కటీ లేదు. అంత పోరాటం చేసి ఏం లాభం? ఫొటో అయినా లేదు.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని యేసు చెప్పిన మాట అందరికీ తెలిసిందే. ఆ గదితో చిక్కేమిటంటే లోపల మనం తప్ప ఎవరూ ఉండరు. గొంతు పెంచాల్సిన పని లేదు, ఎవరి వైపూ తల తిప్పే వీలు లేదు. జనం పేర్లు ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకోవాలి. పది పేర్ల తర్వాత ఆగిపోతే, మైకులో అయితే స్తోత్రం, స్తోత్రం అంటూ నెట్టుకురావచ్చు. అక్కడ ఆ సౌకర్యం కూడా లేదు. అందులో ఎక్కువసేపు కూర్చున్నవాళ్లు బయటికి వచ్చి ఎవరింటికో బయల్దేరుతున్నారని విన్నాను. ఇలాగైతే వీడియోలు ఎవరు చూసుకోవాలి?

చివరగా, ఇశ్రాయేలు జనాన్ని నడిపించిన ప్రవక్త సమూయేలు. నువ్వు ముసలివాడివయ్యావు, నీ కొడుకులు నీలాంటివాళ్లు కారు, మాకు రాజు కావాలని జనం ఆయన మొహం మీదే చెప్పారు. రాజును పెట్టుకున్నారు కూడా. ఆ తర్వాత ఆయన వాళ్లతో అన్న మాట, మీ కోసం ప్రార్థన చేయడం మానితే నేను దేవుడికి విరోధంగా పాపం చేసినవాణ్ణవుతాను అని. వద్దన్నవాళ్ల కోసం, పక్కన పెట్టినవాళ్ల కోసం! పైగా మానితే పాపం వాళ్లది కాదట, తనదట. ఈ వచనం మీద ప్రసంగం చేయాల్సి వస్తే కంగారుపడకండి. నాయకుల కోసం ప్రార్థించడం మానిన విశ్వాసులది పాపం అని తిప్పి చెప్పేయండి. ఎవరూ బైబిలు తెరిచి చూడరు. వివేచన కోసం మనం ఇంకా ప్రార్థించలేదు కదా.