కొరుకుడు పడకపోవడమే గొప్పతనమా?

సంగీతం తెలిసినవాళ్లలో ఒక నమ్మకం గట్టిగా ఉంది. వినగానే నచ్చిన ఆల్బమ్ పది రోజులు నిలవదని, మొదట కొరుకుడు పడనిదే కాలానికి ఆగుతుందని. తిరుపతిలో ఉండి ఈ మాట ఒప్పుకోవడం కష్టం. ఎమ్మెస్ సుబ్బులక్ష్మి, రాధా విశ్వనాథన్ పాడిన వేంకటేశ్వర సుప్రభాతం ఎల్పీ 1963లో వచ్చింది. ఇక్కడ తెల్లవారుజామున వాకిలి ఊడుస్తూ, పాలు కాస్తూ, మొదటి బస్సు కోసం నిలబడి దాన్ని వినేవాళ్లలో సంస్కృతం చదువుకున్నవాళ్లు ఎందరుంటారు?

అలాగని అది తేలిక రికార్డూ కాదు. అందులో నాలుగు భాగాలు: సుప్రభాతం 29 శ్లోకాలు, స్తోత్రం 11, ప్రపత్తి 16, మంగళాశాసనం 14. మొదటి శ్లోకం వాల్మీకిది, విశ్వామిత్రుడు రాముణ్ణి నిద్రలేపే మాట. మొదటి రెండు శ్లోకాలూ అనుష్టుప్పు అనే ఛందస్సులో, పాదానికి 8 అక్షరాలు. 'మాతస్సమస్త జగతాం' దగ్గర వసంతతిలకం అనే వృత్తం మొదలై పాదం 14 అక్షరాలకు సాగుతుంది. ఛందస్సు పేరు తెలియని చెవికి కూడా అక్కడ నడక మారినట్టు తెలుస్తుంది. కష్టమంతా లోపల ఉంది, గుమ్మంలో లేదు. నా దృష్టిలో గొప్ప ఆల్బమ్‌కు ఉండాల్సిన లక్షణం ఇదే: మొదటిసారి వినేవాణ్ణి లోపలికి రానివ్వాలి, యాభయ్యోసారి వినేవాడికి ఇంకా ఏదో మిగిల్చి ఉంచాలి.

కర్ణాటక గాయకుడు చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్లై సంగతే చూడండి. ఆయన గురువు కాంచీపురం నైనా పిళ్లై లయకు పెట్టింది పేరు, తాళం లెక్కలతో అల్లిన పల్లవులకు ఆ బాణీ ప్రసిద్ధి. అక్కడ తయారైన విద్వాంసుడికి జనంలో పేరు తెచ్చిన గ్రామఫోన్ రికార్డు 'మధురానగరిలో', ఆనందభైరవి రాగంలో ఒక జావళి, అంటే తేలికపాటి శృంగార గీతం. ఇది విద్వత్తును పక్కన పెట్టడం కాదు. తాళం మీద అంత పట్టు ఉన్నవాడే అంత తీరుబడిగా పాడగలడు.

శ్రోత కష్టపడక తప్పని ఆల్బములూ ఉన్నాయి. ఖండ త్రిపుట తాళంలో రాగం తానం పల్లవి (ఆలాపన, తానం తర్వాత ఒకే పంక్తిని తాళానికి విస్తరించి పాడేది) ఉందనుకోండి. ఒక దెబ్బ, నాలుగు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ-విసురు రెండుసార్లు, మొత్తం 9. ఈ తొమ్మిదీ చేతికి పట్టకపోతే పల్లవిని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో పాడినప్పుడు ఏది రెట్టింపైందో, ఏది కదలకుండా ఉందో తెలియదు, సగం పోతుంది. అక్కడ కష్టమే విషయం. కానీ కష్టాన్ని పైపూతగా పూసిన రికార్డులను, అర్థం కాలేదు కాబట్టి గొప్పదై ఉంటుందని మెచ్చుకోవడం శ్రోత తనకు తాను చేసుకునే అన్యాయం.

రెండో వైపు తప్పు ఇంకా ఎక్కువగా జరుగుతోంది. జనానికి ఎక్కాలని అన్నమయ్య కీర్తనల వేగం పెంచి, కింద కీబోర్డు పరిచేస్తున్నారు. సంగీత విద్వాంసుడు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వరుస కట్టిన 'బ్రహ్మ కడిగిన పాదము' ముఖారి రాగంలో ఉంది. ఆ రాగంలో 'ద' స్వరం ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు దానికన్నా కింది స్థాయిలోని శుద్ధ ధైవతం. గొంతు ఆ రెంటి మధ్య ఊగే చోట కీబోర్డు ఒకే మీటను నొక్కిపెడితే ముఖారి ఏడుపు ఆరిపోతుంది. మాటల సంగతి అంతకన్నా అన్యాయం. 'బలి తల మోపిన పాదము' ఉన్న చరణంలోనే చివర 'బలరిపు గాచిన పాదము' వస్తుంది. బలుడనే రాక్షసుడికి శత్రువు ఇంద్రుడు. బలి తల మీద మోపిన పాదమే ఇంద్రుణ్ణి కాచిందని ఒకే చరణంలో చెప్పాడు అన్నమయ్య. హడావుడిగా పాడితే రెండూ బలి గురించేనని చెవి సర్దుకుంటుంది. చివర 'తిరువేంకటగిరి తిరమని చూపిన పరమపదము నీ పాదము'. పరమపదమంటే వైకుంఠం, పదమంటే అడుగు కూడా. ఈ కొండే వైకుంఠమని ఆ పాదం చూపిస్తోంది. 'పరమపదము' తర్వాత గాయకుడు అర క్షణం ఆగితే ఆ రెండర్థాలూ వినపడతాయి. ఆగకపోతే అంతకుముందు లెక్కపెట్టిన పాదాల్లో అదీ ఒకటై వెళ్లిపోతుంది.