గేదె అనుభవం, భోజనంతో కలిపి 1,850 రూపాయలు

వ్యవసాయం గిట్టుబాటు కాదని కొందరు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. ఆ అపోహ తొలగించడం నా బాధ్యతగా భావించి ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. విశాఖపట్నం నుంచి ఆనందపురం దాటి కాస్త లోపలికి వెళ్లాక, అయిదు సెంట్ల వరిమడి ఒకటి కళ్లారా చూశాను. అందులో గింజ పండదు. ఎరువు పడదు. దాని యజమాని వాన కోసం ఆకాశం వైపూ చూడడు, అప్పు కోసం బ్యాంకు వైపూ చూడడు. అయినా ఆ మడి రాబడి రోజుకు మూడు లక్షలకు నాలుగు వేలు తక్కువ. బ్యాచ్‌కి 40 మంది పిల్లలు, రోజుకి నాలుగు బ్యాచ్‌లు, తలకి 1,850 రూపాయలు. గుణించి చూసుకోండి. 2004లో వేసిన స్వామినాథన్ కమిషన్ అయిదు నివేదికలు రాసి, సాగు ఖర్చు మీద 50 శాతం కలిపి మద్దతు ధర ఇవ్వండయ్యా అని మొత్తుకుంది. పాపం, ఆ పెద్దాయనకి బడిపిల్లల సంగతి తట్టలేదు.

విషయం ఏమిటంటే, మా చిన్నది ఏడో తరగతి. పిల్లలకి ఒకరోజు పొలమూ అడవీ చూపిస్తామని దాని బడి నుంచి వాట్సాప్‌లో ఒక సర్క్యులర్ దిగింది. పైన చిలకపచ్చ ఆకులు, కింద "ఫార్మ్ అండ్ ఫారెస్ట్ ఇమ్మర్షన్" అని పేరు. ఇమ్మర్షన్ అంటే నాకు తెలిసి వినాయకుణ్ణి డప్పులతో బీచికి తీసుకెళ్లి చేసేది. పిల్లల్ని కూడా చేస్తారని తెలియదు. తెల్ల టీషర్టు, తెల్ల సాక్సులు తప్పనిసరి అన్నారు. బురదలోకి దిగేవాళ్లకి తెల్లబట్టలేమిటండీ అని గ్రూపులో అడిగితే, ఫొటోల్లో బురద బాగా తెలియాలి కదా సర్ అని ఒక తల్లి నా అజ్ఞానాన్ని సరిదిద్దింది. చివర్లో అంగీకార పత్రం. "ఎండ, బురద, పురుగులు, పశువుల ప్రవర్తన, వీటికి యాజమాన్యం బాధ్యత వహించదు." చదివి కళ్లు చెమర్చాయి. రైతుకి ఈ దేశం చెబుతున్నదీ సరిగ్గా ఇదే. ఆయన్ని సంతకం మాత్రం అడగరు.

ఇదంతా మా ఇష్టప్రకారం చేస్తున్నది కాదు, 2020 నాటి జాతీయ విద్యా విధానం చేయమంది అని బడివాళ్లు సెలవిచ్చారు. నిజమే, అందులో ఉంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, ఊళ్లో ఉన్న వడ్రంగి దగ్గరో, తోటమాలి దగ్గరో, కుమ్మరి దగ్గరో పని నేర్చుకోవాలని ఉంది. మా బడి ఈ ముగ్గురినీ జాగ్రత్తగా అధ్యయనం చేసి, ముగ్గురినీ కలిపి ఒకే మాటగా అనువదించుకుంది: రిసార్టు. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపనే చదువుకి ఇరుసు కావాలన్నప్పుడు ఎంట్రీ టిక్కెట్టు సంగతి తేల్చకుండా వదిలేశారు. ఆ లోటు ఇప్పుడు తీరింది. మా రోజుల్లోనూ చోడవరం దగ్గర మా బళ్లో ఈ చేతిపని ఉండేది లెండి. పిరియడంతా కలుపు తీసేవాళ్లం. అనుభవం మాది, వంకాయలు హెడ్మాస్టరుగారివి.

తోడు రాగల తల్లిదండ్రులు చేతులెత్తండి అన్నారు. ఎత్తాను. ఇప్పటికీ ఆ చెయ్యి నొప్పి పెడుతోంది.

బస్సు ఎంవీపీ కాలనీలో బయల్దేరింది. ఏసీ కాబట్టి అద్దాలు మూసి, ఎండ కాబట్టి తెరలు లాగి, పిల్లలు కాబట్టి సినిమా పాటలు పెట్టారు. హైవే మీద జూ దాటాం, కంబాలకొండ పక్కనుంచే పోయాం. 70 చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి, అభయారణ్యం, చిరుతలు తిరిగే చోటు, నగరాన్ని ఆనుకుని ఉంది. తెరకి అవతల. అడవి చూడబోతున్న పిల్లల్లో ఒక్కరికీ ఆ అడవి కనబడకుండా డ్రైవరు, క్లాస్ టీచరు, పాటలు కలిసి కాపాడుకొచ్చారు.

అది డిసెంబరు. ఆనందపురం దాటాక రోడ్డుకి ఒకవైపు లేఅవుట్ల తెల్లరాళ్లు, రెండోవైపు ఇంకా రాళ్లు పడని చేలు. ఆ చేలల్లో కోతలు. కొన్నిచోట్ల చేను పనల మీద ఉంది, కొన్నిచోట్ల కుప్పలేస్తున్నారు. డిసెంబరులో కోస్తా రైతు ఎలా ఉంటాడో మీకు చెప్పనక్కర్లేదు. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వింటే టీవీ ముందు నుంచి లేచి టార్పాలిన్ ఎక్కడుందో వెతుకుతాడు. ఆ చేలని ఆనుకునే మన రిసార్టు. మధ్యలో ఇనుప కంచె, కంచెకి ప్లాస్టిక్ తీగలు. కంచెకి అవతల పంట ఇంటికి వెళుతోంది, ఇవతల మా పిల్లలు ఉభాలు, అంటే వరినాట్లు, వెయ్యడానికి బూట్లు విప్పుతున్నారు. జులైలో పని డిసెంబరులో ఏమిటని నేను అడిగితే, రబ్బరు బూట్ల కుర్రాడొకడు "మాది ఆల్ సీజన్ సర్" అన్నాడు. వరుణదేవుడు వింటే రాజీనామా ఇచ్చేవాడు.

ఇక మడి గురించి చెప్పాలి. ఎంత చెప్పినా నాకు తనివి తీరదు, మీరే ఓర్చుకోవాలి.

మట్టి జల్లించి పోశారు, రాయి తగలకుండా. నీళ్లు పాదం మునిగేంత, కొళాయివి. గట్టు మీద గడ్డి టోపీల గుట్ట, దాని పక్కన శానిటైజరు స్టాండు. బురదలోకి దిగేముందు చేతులు శుభ్రం చేసుకోవాలట, బురదకి ఏమీ అంటకుండా. మైకు పట్టుకున్న అమ్మాయి "హలో జూనియర్ ఫార్మర్స్!" అంది. తలకి అయిదు ఆకులు, అంటే నారు మొక్కలు, పంచారు. ఏడు నిమిషాలు టైము. ఉభాలు వేసేవాళ్లు వెనక్కి నడుస్తారు. వేసిన ఆకు తొక్కకూడదు కదా, నడుం వంచి, రెండు మూడేసి ఆకులు పైపైన గుచ్చుతూ, ఒక్కో అడుగూ వెనక్కి. మైకు అమ్మాయి మాత్రం ముందుకి నడవమంది. ఎందుకంటే ఫొటోగ్రాఫరు ముందున్నాడు, వెనక్కి నడిస్తే ముఖాలు పడవు. కాబట్టి 40 మంది పిల్లలు నలభయ్యైదుల రెండొందల ఆకులు నాటి, వాటిని తొక్కుకుంటూ కెమెరా వైపు నడిచి, చప్పట్లు కొట్టించుకుని, గట్టెక్కి, కాళ్లు కడుక్కుని పోయారు. పాట ఆగింది.

అప్పుడు తలపాగా ముసలాయన మడిలోకి దిగాడు.

నాటిన ఆకునల్లా పీకాడు. ఒక్కొక్కటీ. వేళ్లు నీళ్లలో కడిగాడు, విరిగినవి అవతల పడేశాడు, మిగిలినవి కట్టలు కట్టి గట్టు మీద పెట్టాడు. రెండో బ్యాచ్ వచ్చింది. "హలో జూనియర్ ఫార్మర్స్!" అదే ఆకు, అదే మడి, అవే ఏడు నిమిషాలు. ఆకు తీత, నాటు, తొక్కుడు, పీకుడు. వరి పైరు జీవితచక్రం ఇదేనని మా పిల్లలు పరీక్షలో రాస్తే ఎవరూ మార్కులు కొయ్యకండి, కళ్లతో చూశారు. ఆ ఆకుకి వారంగా ఇదే పని. మన రాజకీయ నాయకులు కూడా అన్నిసార్లు పీకి నాటించుకోలేదు.

నేను ఆయన పక్కన గట్టు మీద కూలబడ్డాను. ఏ ఊరు తాతా అంటే కంచె అవతలికి చెయ్యి చూపించాడు.

"ఈ మడి మాదే బాబూ. అమ్మీసినాం, ఆరేళ్లయిపోనాది. ఇప్పుడు ఇందులోనే కూలికొస్తన్నాను."

తలపాగా బాగుంది అన్నాను, ఏదో అనాలని.

"నాది కాదు. ఆళ్లిచ్చినారు. సాయంత్రం తిరిగి ఇచ్చీమంటారు." కట్ట బిగిస్తూ ఆగాడు. "ఏటి బాబూ, ఈ గుంటలు ఇంత డబ్బు కట్టి వచ్చినారు కదా, ఒక్కసారైనా నన్ను సెప్పనిస్తే ఎలా నాటాలో సూపింతును. మాటాడొద్దన్నారు. మాట మోటగా ఉంటాదంట."

ఇది రాస్తుంటే నాకు హాస్యం రావడం లేదు, క్షమించాలి. వరి నాటడం ఎలాగో ఆ ఆవరణలో తెలిసిన మనిషి ఒక్కడు. ఆయన్ని నోరు మూసుకుని రైతులా నిలబడమన్నారు. నిన్నగాక మొన్న యూట్యూబు చూసి నేర్చుకున్న అమ్మాయికి మైకు ఇచ్చారు. ఇంక దీన్ని చదువని ఏ నోటితో అంటారు?

సరే. గంభీరంగా ఉండాలి. ఆవు దగ్గరికి పోదాం.

ఆవు ప్లైవుడ్‌ది. నలుపు తెలుపు మచ్చలు, మన పక్క ఏ పశువుకీ లేనంత పెద్ద నవ్వు. పొట్ట కింద రబ్బరు గ్లవ్ కట్టి, నీళ్లు పోసి, వేళ్లకి సూదితో కన్నాలు పెట్టారు. పిల్లలు వరసలో నిలబడి పితికారు. పాలు నీళ్లలా ఉన్నాయేమిటని ఒక బుడ్డోడు అడిగాడు. మీ ఇంటికొచ్చేవీ ఇలాగే ఉంటాయి కదమ్మా అంది ఆయా. ఆరోజు జరిగిన ఏకైక విజ్ఞానశాస్త్ర పాఠం అది. నిజం గేదె కూడా ఒకటుంది. దానికి గడ్డి పెట్టడం "బఫెలో ఎక్స్‌పీరియన్స్", మనిషికి మూడు పరకలు.

ఆ గేదె దగ్గరే నాకు ఒళ్లు మండింది. గేదెని అనను, దాని పని అది చేసుకుంటోంది. మా చిన్నదాని బళ్లో లెక్కల సార్ ఒకాయన ఉన్నారు. మార్కులు తగ్గిన ప్రతి పిల్లకీ ఆయన ఇచ్చే దీవెన ఒకటే: "చదవకపోతే గేదెలు కాసుకుంటావ్." ఆయన ఒక్కడే కాదు, మనందరం ఆ మాట తిని పెరిగినవాళ్లమే, మళ్లీ మన పిల్లలకి వడ్డిస్తున్నవాళ్లమే. ఆయాగా పనిచేసే అమ్మ ఆ మాట వింటుంది. బడి గేటు దగ్గర పాలు పోసి వెళ్లే మనిషి వింటాడు. వాళ్ల పిల్లలు అదే తరగతిలో కూర్చుని, ఇంటి దగ్గర నాన్న చేసే పని ఒక శిక్ష అని నేర్చుకుంటారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా తిట్టు. శనివారం మాత్రం 1,850 రూపాయలు, భోజనంతో కలిపి. సిగ్గుండాలి. ఏ పని పేరు చెప్పి పిల్లని బెదిరిస్తావో, అదే పనికి టిక్కెట్టు ఎలా అమ్ముతావయ్యా?

మధ్యాహ్నం అడవి. రెండెకరాల అశోక చెట్లు, సిమెంటు పులి, పొదల్లో దాచిన స్పీకర్లలోంచి పక్షుల కూతలు. ఒక పిగిలిపిట్ట నిజంగానే వచ్చి కొమ్మ మీద వాలి కూసింది, స్పీకరుతో పోటీపడలేక ఎగిరిపోయింది. 20 నిమిషాలు నడిపించి "ఫారెస్ట్ ఎక్స్‌ప్లోరర్" బ్యాడ్జీ పెట్టారు. అడవి తెలిసిన పిల్లలు మన రాష్ట్రంలో ఎక్కడున్నారో చెబుతాను. పాడేరు ఘాటెక్కండి. అడ్డాకు ఏది కోయాలో, ఏది లేతదో, పుల్లతో విస్తరి ఎలా కుట్టాలో, జీలుగు చెట్టు ఏ వయసులో కల్లిస్తుందో, కొండచీపుర్లు ఎప్పుడు తియ్యాలో అక్కడ పదేళ్ల పిల్లకి తెలుసు. ఆ కొండల తేనె, చింతపండు కొనే గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, దాని ప్రధాన కార్యాలయం మన విశాఖలోనే. సీసా మన వంటింట్లోనే. ఆ పిల్ల ఆశ్రమ పాఠశాలకొచ్చి "అడవుల వలన ఉపయోగములు" నాలుగు పాయింట్లు కంఠస్థం చెయ్యాలి, చెయ్యకపోతే వెనకబడిన పిల్ల. ఆ కొండల్లో రోడ్డు లేని గూడేల నుంచి నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీలో మోసుకుని, వాగు దాటి, చీకట్లో ఆసుపత్రికి తెస్తున్నారు ఇవాళ్టికీ. అంత దూరం అడవిలో నడిచినవాళ్లకి ఎవడూ బ్యాడ్జీ పెట్టలేదు.

పిల్లలకి నిజంగా పని చూపించాలంటే దారి లేకనా? అనకాపల్లి వైపు పోతే చాలు, ఇదే కాలంలో చెరకు ఆడించి బెల్లం వండుతుంటారు. పిప్పి ఎండేసి అదే పొయ్యిలో పెడతారు. రసంలో సున్నం ఎందుకు వేస్తారు, మడ్డి పైకెలా తేలుతుంది, పాకం అయిందని నీళ్లలో చుక్క వేసి ఎలా పోల్చుకుంటారు, పసుప్పచ్చగా మెరిసే బెల్లంలో హైడ్రోస్ అనే రసాయనం ఏం చేస్తుంది అని వండే మనిషిని అడిగితే, రసాయనశాస్త్రం రెండు పాఠాలు వేడివేడిగా చేతిలో పెడతాడు. అక్కడే 1913 నాటి చెరకు పరిశోధన కేంద్రమూ ఉంది. ఈ మాట పేరెంట్స్ మీటింగులో చెప్పాను. సెల్ఫీ పాయింట్ ఉంటుందా సర్ అన్నారు. పొయ్యి ఉంటుంది అన్నాను. రిస్కు అన్నారు.

సాయంత్రం అందరికీ సర్టిఫికెట్లు. బంగారు రంగు అంచు, "జూనియర్ ఫార్మర్", కింద ఎవరిదో స్కాన్ చేసిన సంతకం. బస్సెక్కేటప్పుడు వెనక్కి చూస్తే ముసలాయన తలపాగా విప్పి మడతపెట్టి కౌంటరులో ఇస్తున్నాడు. మా చిన్నది మాత్రం ఒక పని చేసింది. తొక్కుడులో విరగని ఆకు ఒకటి టిఫిన్ డబ్బాలో దాచి తెచ్చి, బాల్కనీలో పెయింటు డబ్బాలో బురద కలిపి నాటింది. పీకనివ్వలేదు. డిసెంబరులో వరి ఏం పండుతుందే అంటే, "ఆల్ సీజన్ నాన్నా" అంది.

సోమవారం లెక్కల పరీక్ష పేపర్లిచ్చారు. దానికి 25కి 11. సార్ యథాప్రకారం, "నువ్వు గేదెలు కాసుకోవడానికే పనికొస్తావ్" అన్నారట. ఇది లేచి నిలబడి, సంచిలోంచి బంగారు అంచు సర్టిఫికెట్ తీసి చూపించి, "అవును సర్, మన బడే ఇచ్చింది" అందట.

డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపారు: క్రమశిక్షణా రాహిత్యం, తండ్రి సంతకం కావాలి. పెట్టాను. కింద చిన్న అక్షరాలతో ఒక సందేహం కూడా రాశాను: కాసుకోవాల్సినవి నిజం గేదెలా, ప్లైవుడ్‌వా? దాన్నిబట్టి ఫీజు కట్టుకుంటాను.