గువ్వల జత, గుప్పెడు బియ్యం

బాలయేసును దేవాలయానికి తీసుకెళ్లినప్పుడు మరియ, యోసేపులు అర్పించింది గొర్రెపిల్లను కాదు. గువ్వల జతనో, రెండు పావురపు పిల్లలనో అర్పించాలన్న నియమాన్ని లూకా రెండో అధ్యాయం గుర్తుచేస్తుంది. గొర్రెపిల్లను తెచ్చే స్తోమత లేని తల్లికి లేవీయకాండం 12వ అధ్యాయం ఇచ్చిన వెసులుబాటు అది. జ్ఞానుల బంగారం, సాంబ్రాణి, బోళం మీద ఏటా ప్రసంగాలు వింటాం. గువ్వల గురించి వినడం అరుదు. పేదింటి నుంచి, ఆ ఇంటి స్తోమతకు తగ్గట్టు వచ్చిన కానుక అది.

వరంగల్, హనుమకొండ, కాజీపేట క్రైస్తవ సంఘాల్లో క్రిస్మస్ దానానికి కొదవ లేదు. చిక్కల్లా అది ఖర్చుల వరుసలో ఎక్కడుందన్నదే. స్టార్లు, డెకరేషన్, కొత్త బట్టలు, సెమీ క్రిస్మస్ భోజనాలు, ఫ్లెక్సీ అన్నీ అయ్యాక మిగిలిన దాంట్లోంచి దుప్పట్లు కొంటాం. వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని దేవునికి దహనబలిగా అర్పించనని, తన కళ్లాన్నీ ఎడ్లనూ ఊరికే ఇస్తానన్న అరౌనాతో దావీదు రాజు అన్నాడు. మన ఇంట్లో ఏ ఖర్చూ తగ్గకుండా ఇచ్చింది మంచి పనే, కానీ త్యాగం అనిపించుకోదు. ఈస్టర్‌కు ముందు శ్రమల కాలంలో నలభై రోజులు నోరు కట్టుకునే మనం, క్రిస్మస్‌కు ముందు ఆగమన కాలం నాలుగు ఆదివారాలనూ షాపింగ్‌కు వదిలేశాం.

ఈ నేలకు ఇది తెలియని సంగతి కాదు. 1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య, పల్లె సంఘం ఎంత పేదదైనా తన కానుకలతో తాను నిలబడాలని పట్టుబట్టారు. ఆ సంఘాల్లో ఎక్కువమంది కూలికి పోయే దళితులే. తెలుగు క్రైస్తవ ఇళ్లలో గుప్పెడు బియ్యం అలవాటు అలాంటి చోట్లే వేళ్లూనింది. ఎసట్లో పోసే ముందు ఇంటామె ఒక గుప్పెడు తీసి పక్క కుండలో వేస్తుంది. ఆదివారం అది గుడికి వెళ్తుంది.

లెక్క వేసి చూడండి. గుప్పెడు అంటే సుమారు 40 గ్రాములు. పూటకొకటి చొప్పున రెండు పూటలు, డిసెంబరు 1 నుంచి 25 వరకు తీస్తే ఇంటికి 2 కిలోలు. 50 ఇళ్ల సంఘమైతే క్వింటాలు. అయితే అన్నీ ఒకే డ్రమ్ములో పోస్తే చెడుతుంది. పాత బియ్యం ఉడికేలోపు కొత్త బియ్యం ముద్దవుతుంది, దొడ్డువి పలుకుగానే ఉంటాయి. అందుకే కనీసం మూడు సంచులు వేరుగా పెట్టాలి. తడి చేత్తో తీసినవి ముక్కిపోతాయి కాబట్టి బియ్యం కడగక ముందే తీయాలి.

ఇక్కడ ఒక మార్పు కూడా గమనించాలి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం వస్తున్నాయి. కార్డున్న పేదింట్లో ఇప్పుడు బియ్యం కన్నా పప్పు, నూనె, మందులు, ఆటో కిరాయిలకే కటకట. కాబట్టి గుప్పెడు బియ్యం స్ఫూర్తిని అలాగే ఉంచి, వస్తువు మార్చుకోవచ్చు. వారంలో రెండు రోజులు కూర లేకుండా పచ్చడితో తిని, ఆ కూర డబ్బు డబ్బాలో వేయండి. పిల్లలకూ చెప్పి చేయండి. కార్డు లేని వలస కూలీలకు మాత్రం ఆ బియ్యమే ఇవ్వాలి.

వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి సంగతే తీసుకోండి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి రోగి వెంట వచ్చినవాళ్లు చలిలో రాత్రులు గడుపుతారు. క్రిస్మస్ వారంలో ఒకే మనిషికి రెండు మూడు దుప్పట్లు అందే అవకాశం ఉంది, ఎందుకంటే ఎవరు ఎప్పుడు పంచుతున్నారో సంఘాలు ఒకదానికొకటి చెప్పుకోవు. జనవరిలో అదే వరండాలో కొత్తగా వచ్చినవాళ్లకు ఏమీ ఉండదు. పైగా చవక దుప్పటి నూగు రాలుస్తుంది, ఆయాసం ఉన్నవాళ్ల పక్కన అది పనికిరాదు. వంద పలుచనివి కొనే డబ్బుతో నలభై మందమైనవి, కింద పరుచుకోవడానికి చాపలు కొనండి. సగం జనవరికి దాచండి. దుప్పటి చేతికిస్తూ ఫొటో దిగొద్దు. పుచ్చుకునే చెయ్యి ఎవరిదైనా దానికీ ఒక ముఖముంది, ఆ ముఖానికి ఊర్లో పరువుంది.

రక్తదానం కూడా అంతే. యువకులందరూ 25కు ముందే ఒక్క రోజున ఇచ్చేస్తారు. మగవాళ్లు మళ్లీ ఇవ్వాలంటే 3 నెలలు, ఆడవాళ్లు 4 నెలలు ఆగాలి. నిల్వ చేసిన ఎర్రకణాలు ఐదారు వారాలే ఉంటాయి, ప్లేట్‌లెట్లయితే 5 రోజులే. ముప్పై మంది ఉంటే నెలకు పదిమంది చొప్పున విడగొట్టండి. ఇంకొకటి, ఉపవాస ప్రార్థన రోజున రక్తం ఇవ్వకండి. ఖాళీ కడుపుతో ఇచ్చి కళ్లు తిరిగి పడితే, మరుసటిసారి ఆ పిల్లాడిని వాళ్లమ్మ పంపదు.

అన్నిటికన్నా బాధ కలిగించేది మరొకటుంది. మైకులో పేరు, మొత్తం చదువుతారని వడ్డీకి తెచ్చి ఇచ్చే కూలి కుటుంబాలున్నాయి. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయంలో, కలిగినదానిని బట్టే కానుక ప్రీతికరమని, లేనిదానిని బట్టి కాదని స్పష్టంగా ఉంది. అప్పు చేసి ఇవ్వమని ఏ సంఘ కాపరీ అడగకూడదు, అడగకపోయినా సిగ్గుతో ఇచ్చే పరిస్థితి తేకూడదు. పేర్లు చదవడం మానేస్తే ఆ ఒత్తిడి సగం పోతుంది. డబ్బా తెరిచేటప్పుడు ఒకే ఇంటివాళ్లు కాని ముగ్గురు కూర్చుని లెక్కపెట్టి, పుస్తకంలో సంతకాలు చేయాలి. జనవరి మొదటి ఆదివారం నోటీసు బోర్డు మీద వచ్చింది ఎంత, దేనికి ఎంత పోయింది, చేతిలో ఎంత ఉందో మూడు వరుసలు రాస్తే చాలు. ఇచ్చినవాళ్ల పేర్లూ, పుచ్చుకున్నవాళ్ల పేర్లూ ఆ కాగితం మీద ఉండనక్కర్లేదు.