బుధవారం రాత్రి ఏడున్నర మ్యాచ్, నెల్లూరు నుంచి వెళ్లే మేము

నెల్లూరు, కోవూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల నుంచి చెన్నైకి ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చూడటానికి వెళ్లేవాళ్లం ఏడుగురం ఉన్నాం. శనివారం మ్యాచ్ పడితే ఏడుగురమూ వెళతాం. ఒకరి తమ్ముడో, ఇంకొకరి మేనల్లుడో తోడై తొమ్మిదిమందిమి అయిన రోజులు కూడా ఉన్నాయి. అదే మంగళ, బుధ, గురువారాల్లో పడితే ఇద్దరమే మిగులుతాం, ఒక్కోసారి ఆ ఇద్దరమూ ఉండం. మర్నాడు ఎవరో ఖాళీ కుర్చీల ఫొటో పెట్టి, మన దక్షిణాదివాళ్లకు క్రికెట్ తప్ప మరో ఆట పట్టదని తీర్పు చెప్పడం చూసినప్పుడల్లా నా మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ ఖాళీ కుర్చీల్లో కొన్ని మావి. అవి ఎందుకు ఖాళీ అయ్యాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను కోవూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. నెల్లూరు నుంచి చెన్నై సెంట్రల్‌కు రైలు మార్గం సుమారు 175 కిలోమీటర్లు, అక్కడి నుంచి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం దగ్గరే. వినడానికి ఇది పెద్ద ప్రయాణం కాదు. కానీ బుధవారం రాత్రి ఏడున్నరకు కిక్కాఫ్ అంటే ఆ రోజు సగం సెలవు పెట్టి, మధ్యాహ్నం బడి నుంచి నేరుగా స్టేషనుకో బస్టాండుకో పరుగెత్తాలి. మ్యాచ్ ముగిసేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. జనంలోంచి బయటపడి, ఆటో మాట్లాడుకుని, ఆంధ్ర బస్సులు ఆగే మాధవరం బస్టాండు చేరేసరికి పదిన్నరో పదకొండో అవుతుంది. తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు దాటి బస్సు నెల్లూరులో దించేటప్పటికి తెల్లవారుజాము మూడు అవుతుంది. ఆ వేళకు పెన్న వంతెన దాటించే ఆటో దొరికితే అదృష్టం. మూడున్నరకు పడుకున్నవాణ్ని ఎనిమిదిన్నరకు తరగతిలో ఉండాలి. సుద్దముక్క పట్టుకుని బోర్డు మీద వర్గసమీకరణం రాస్తూ, మూడో పంక్తిలో గుర్తు తప్పు వేసి, ముందు బెంచీలోని అమ్మాయి చెబితే గాని చూసుకోలేకపోయిన గురువారం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాత నేను బుధవారాలు మానుకున్నాను.

సొంత వాహనంలో వెళ్లవచ్చు కదా అంటారు. రాత్రివేళ జాతీయ రహదారి మీద లారీల మధ్య నిద్రకళ్లతో బండి నడపడం ఎటువంటిదో ఆ దారిలో తిరిగేవాళ్లకు తెలుసు. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్‌కు బైకు మీద బయలుదేరిన ఇద్దరు కేరళ యువకులు కాసరగోడ్ జిల్లాలోనే లారీ ఢీకొని చనిపోయారు. ఆ వార్త చదివిన రోజే మేము ఏడుగురం, బైకు మీద ఎవరూ మ్యాచ్‌కు రాకూడదని కట్టుబాటు చేసుకున్నాం.

ఒంగోలు మిత్రుడి సంగతి ఇంకా కష్టం. ఆయనకు ఒకవైపు ప్రయాణమే దాదాపు 290 కిలోమీటర్లు. ఒక గురువారం తన పదేళ్ల కొడుకును తీసుకొచ్చాడు. ఆ పిల్లవాడికి అదే మొదటి మ్యాచ్. మెడలో నీలం కండువా, బుగ్గ మీద నీలం రంగు, చేతిలో వాడే స్కెచ్ పెన్నులతో రాసుకున్న అట్ట. రాత్రి తొమ్మిది అయింది, ఆట ఇంకా ఇరవై నిమిషాలు ఉంది, గోలు పడలేదు. మిత్రుడు గడియారం చూసుకుని లేచాడు, రైలు తప్పితే తెల్లవారేదాకా ప్లాట్‌ఫారం మీదే కూర్చోవాలి. "నాన్నా, అయిపోలేదు గదా!" అన్నాడు పిల్లవాడు. తండ్రి మాట్లాడకుండా చెయ్యి పట్టుకున్నాడు. మెట్లు దిగుతూ ఆ బాబు మొహం మైదానం వైపే తిప్పుకుని, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ వెళ్లాడు. వాళ్లు గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లాక గోలు పడింది. ఆ కేక తనకు రోడ్డు మీద వినిపించిందనీ, ఎవరు కొట్టారో తెలియక రైలెక్కేదాకా వాడు అడుగుతూనే ఉన్నాడనీ మిత్రుడు మర్నాడు ఫోన్‌లో చెప్పాడు.

మ్యాచ్‌ల రోజులు నిర్ణయించేవారికి ఈ ఇబ్బంది తెలియదని నేను అనుకోను. ఐఎస్‌ఎల్ మొదలైన 2014 నుంచి 2025 వరకు జరిగిన 11 ఫైనళ్ల తేదీలను క్యాలెండర్‌లో వెతికి చూడండి. పదకొండూ శనివారమో ఆదివారమో జరిగాయి. చెన్నై జట్టు చెన్నైయిన్ గోవాలో కప్పు గెలిచిన 2015 డిసెంబరు 20 ఆదివారం, బెంగళూరులో గెలిచిన 2018 మార్చి 17 శనివారం. కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు లక్షా ముప్పై వేలమందికి పైగా వచ్చిన 1997 జులై 13 కూడా ఆదివారమే. పెద్ద మ్యాచ్‌కు జనం నిండాలంటే ఏ రోజు పెట్టాలో అందరికీ తెలుసు. యూరప్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను ఎన్నో ఏళ్లు బుధవారం రాత్రి ఆడించి, పిల్లలు, కుటుంబాలు రావాలన్న ఉద్దేశంతో 2010లో శనివారానికి మార్చారు. 2026 ఫైనల్‌ను ఇంకా మూడు గంటలు ముందుకు జరిపి, సాయంత్రం ఆరింటికే మొదలుపెట్టాలని నిర్ణయించారు. ఆట ముగిశాక అభిమానులు తిరిగి వెళ్లడానికి రైళ్లు, బస్సులు దొరకాలన్నది అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. ఏడాదికి ఒక్క మ్యాచ్‌కు చూపిన ఈ శ్రద్ధలో పదో వంతు లీగ్ మ్యాచ్‌లకు చూపితే చాలునని నా కోరిక.

వారం మధ్య ఫుట్‌బాల్ కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లో లీగ్ మ్యాచ్‌ను మొదటిసారి దీపాల వెలుగులో ఆడింది 1956 ఫిబ్రవరి 22న, పోర్ట్స్‌మత్ మైదానంలో. అది బుధవారం. దీపాలు రాకముందు పనిదినాన మ్యాచ్ పెడితే పగలే ఆడాలి, పనివాడు రాలేడు. దీపాలు వచ్చాక రాత్రి ఆడవచ్చు కాబట్టి ఊళ్లోవాళ్లకు అదొక వరమైంది. ఫ్యాక్టరీ నుంచి ఇంటికి వెళ్లి, తిని, నడుచుకుంటూ మైదానానికి వచ్చేవాళ్లకు బుధవారం రాత్రి నిజంగానే ఆనందం. అయితే ఆ సౌకర్యం ఊళ్లోవాళ్లకే. ఇంగ్లండ్ నైరుతి మూలన ఉన్న ప్లిమత్ నుంచి ఉత్తరాన స్కాట్లండ్ సరిహద్దు దగ్గరి కార్లైల్‌కు ఆరువందల కిలోమీటర్లకు పైనే. మంచు వల్లనో వాన వల్లనో శనివారం ఆగిపోయిన మ్యాచ్‌ను మంగళవారానికి వాయిదా వేస్తే, అంత దూరం బస్సులో వచ్చే మనిషి ఒక రోజు సెలవుతో బయటపడడు, రెండు రోజులు పోతాయి.

జర్మనీవాళ్లు వారం మధ్య లీగ్ మ్యాచ్‌లు పడే వారాన్ని "ఇంగ్లిష్ వారం" అనే పిలుస్తారు. పనిదినాల మ్యాచ్‌ల మీద అక్కడి అభిమానులు నిలబడిన తీరు నాకు చాలా ఇష్టం. 2017-18 సీజన్‌లో అక్కడి అగ్రశ్రేణి లీగ్ బుండెస్‌లిగా సోమవారం రాత్రి మ్యాచ్‌లు తెచ్చింది. 2018 ఫిబ్రవరి 19న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రేక్షకులు మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి ఆటను ఆపారు. సరిగ్గా వారం తర్వాత డార్ట్‌మండ్‌లో, 81 వేలమంది పట్టే స్టేడియానికి 54 వేలమందే వచ్చారు. ఎప్పుడూ గోడ కట్టినట్టు ఇరవై అయిదు వేలమంది నిలబడి పాడే దక్షిణపు స్టాండు ఆ రాత్రి బోసిపోయింది. ఆ ఏడాది ముగియకముందే లీగ్ దిగివచ్చి, 2021-22 నుంచి సోమవారం మ్యాచ్‌లు ఉండవని ప్రకటించింది. ఇంటి జట్టు అభిమానులు కూడా, అవతలి ఊరి నుంచి వచ్చేవాళ్ల కోసం తమ సీట్లు ఖాళీ పెట్టారు. ఆ సంఘీభావం మన దగ్గర ఇంకా పుట్టలేదు.

మన దగ్గర ఈ పరిస్థితికి మూలం టీవీలోని ఆ ఏడున్నర గంట. బుండెస్‌లిగాలో శనివారం మధ్యాహ్నం అయిదు మ్యాచ్‌లు ఒకేసారి మొదలవుతాయి. మన లీగ్‌లో ప్రతి మ్యాచ్‌నూ విడిగా చూపించాలి, దానికి ప్రైమ్ టైమ్ కావాలి, ఆ గంట రోజుకు ఒకటే ఉంటుంది. అందువల్ల మ్యాచ్‌లు వారమంతా పరుచుకోక తప్పదు. 2014 మొదటి సీజన్‌ను అక్టోబరు 12 నుంచి డిసెంబరు 20 వరకు, 70 రోజుల్లో ముగించారు కాబట్టి దాదాపు రోజూ ఆటే. ఆ తర్వాత సీజన్ పొడవు పెరిగింది. 2022-23లో మ్యాచ్‌లను ప్రధానంగా గురువారం నుంచి ఆదివారం వరకే ఉంచాలని నిర్ణయించినప్పుడు మేము నిజంగా సంతోషించాం. అది మంచి నిర్ణయమని ఇప్పటికీ అంటాను. కానీ తర్వాతి సీజన్లలో సోమ, మంగళ, బుధవారాలు మళ్లీ మెల్లగా లోపలికి వచ్చాయి.

టీవీ డబ్బు లేకపోతే క్లబ్బులు బతకవన్న వాదనను నేను తేలిగ్గా కొట్టిపారేయను. అయితే టీవీలో కూడా ఆటకు కళ తెచ్చేది స్టాండులోని జనమే. 2020-21 సీజన్ అంతా ప్రేక్షకులు లేకుండా గోవాలో ఆడినప్పుడు, బంతి తగిలిన చప్పుడు, కోచ్‌ల అరుపులు తప్ప మరేమీ వినిపించని ఆ మ్యాచ్‌లను ఎంతమంది చివరిదాకా చూశారో ఎవరిని వారు అడిగి చూసుకోవాలి.

పనిదినమే తప్పు అని కూడా నేను అనడం లేదు. 2022 మే 2న కేరళలోని మంజేరిలో, రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. అది సోమవారం, పైగా రాత్రి ఎనిమిదింటికి. అయినా ఇరవై అయిదు వేలమందికి పైగా వచ్చారు. ఆ వచ్చినవాళ్లలో అత్యధికులు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. రంజాన్ నెల చివరి రోజు, మర్నాడు పండుగ సెలవు. ఉపవాసం విరమించి తీరిగ్గా రాగల వేళ అది. కాబట్టి ఏ రోజు అన్న ప్రశ్నను, ఎంత దూరం నుంచి, మర్నాడు ఏముంది అన్న ప్రశ్నల నుంచి విడదీయలేం. చెన్నైలో స్టేడియం దగ్గరి పెరియమేటలోనో పురసైవాక్కంలోనో ఉండే మనిషికి బుధవారం బుధవారమే. నెల్లూరు మనిషికి బుధవారమంటే బుధ, గురువారాలు రెండూ.

మన ప్రాంతంలో జనాన్ని పిలిచేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. ప్రకాశం జిల్లా పల్లెల్లో బండలాగుడు పోటీలు పెట్టే పెద్దలు సంక్రాంతికో, శివరాత్రి తిరునాళ్లకో, ఊరి చుట్టాలంతా ఊళ్లో ఉండే రోజు చూసుకుని పెడతారు. ఎడ్లు ఎంత మంచివైనా చుట్టూ జనం లేకపోతే ఆ బండ కదిలినట్టే ఉండదని వాళ్ల అనుభవం. నెల్లూరులో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు లక్షలమంది వస్తారు. వాళ్ల కోసం ప్రత్యేక బస్సులు వేస్తారు, స్వర్ణాల చెరువు దగ్గర రాత్రింబవళ్లు ఏర్పాట్లు ఉంటాయి. మా ఏడుగురి కోసం బస్సు వేయమని నేను అడగడం లేదు. ఇరవై వేలమంది ఒకేసారి బయటికి వచ్చే రాత్రి, వాళ్లు ఇల్లు ఎలా చేరతారన్న ఆలోచన మ్యాచ్ ఏర్పాట్లలో ఒక భాగం కావాలని అడుగుతున్నాను.

మేము అడిగేవి చిన్నవే. మొదటిది, తేదీలు ముందుగా చెప్పండి. కొన్ని సీజన్లలో డిసెంబరు వరకే తేదీలు ఇచ్చి మిగతావి తర్వాత ప్రకటించారు. రైలు టికెట్ల ముందస్తు బుకింగ్ గడువు 2024 నవంబరు నుంచి 60 రోజులకు తగ్గింది. కనీసం ఆ 60 రోజుల ముందు తేదీ ఖాయమైతే, బెర్తు దొరుకుతుంది, సెలవు దొరుకుతుంది. బుక్ చేసుకున్నాక తేదీ మారితే మేము పోగొట్టుకునేది రద్దు ఛార్జీ ఒక్కటే కాదు, తోటి ఉపాధ్యాయుణ్ని బతిమాలి సర్దుకున్న పీరియడ్ కూడా. రెండోది, ఆదివారం మ్యాచ్‌ను వీలైనప్పుడల్లా సాయంత్రం అయిదింటికి పెట్టండి. ఆదివారం రాత్రి ఏడున్నర కూడా మాకు సోమవారం తెల్లవారుజామే అవుతుంది. అయిదింటి మ్యాచ్ అయితే రాత్రి ఒంటిగంటకల్లా ఇంట్లో ఉంటాం, పిల్లల్ని తీసుకెళ్లగలం. ఇక వారం మధ్యలో పెట్టక తప్పని మ్యాచ్‌లకు, దూరపు జట్లను కాకుండా చెన్నై, బెంగళూరు వంటి దగ్గరి జట్లను ఎదురెదురుగా వేస్తే అవతలి అభిమానులకైనా కాస్త సులువు.

హైదరాబాద్ జట్టు 2022లో కప్పు గెలిచి, మూడేళ్లకే ఢిల్లీకి తరలిపోయింది. లీగ్‌లో ఇప్పుడు మన రెండు తెలుగు రాష్ట్రాలకూ తమదని చెప్పుకునే జట్టు లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాలవాళ్లకు దగ్గరి స్టేడియం చెన్నైదే. మేము చూడగల ఫుట్‌బాల్ అంటే అదే.

ఈ సీజన్‌లో గాని, ఇంతకుముందు గాని, మన రెండు జిల్లాల నుంచి చెన్నై మ్యాచ్‌లకు వెళ్లినవాళ్లుంటే దయచేసి కింద రాయండి. ఏ రోజు మ్యాచ్, ఎన్ని గంటలకు ఇంటి నుంచి బయలుదేరారు, ఎన్నింటికి తిరిగి చేరారు, చివరి విజిల్ దాకా ఉండగలిగారా లేదా, ఈ నాలుగు వివరాలు చాలు. అన్నిటినీ ఒక పట్టికగా రాసి క్లబ్బుకు లేఖతోపాటు పంపాలని మా ఏడుగురం అనుకున్నాం. పట్టికలో మొదటి వరస ఒంగోలు బాబుది. వాడి వివరాలు నేను నింపేశాను.