తొమ్మిది కాళ్ళూ పట్టాయి బావా!

మా బామ్మర్దికి పోయినేడాది వేసవిలో చెవులు వచ్చాయి. నలభై ఏడేళ్ళుగా అతని తలకు ఇరుపక్కలా ఉన్నవి కళ్ళజోడు ఆనించుకోవడానికి మాత్రమేనని, అసలు చెవులు కొరియరులో రావలసి ఉన్నాయని మాకెవరికీ తెలియలేదు. వచ్చిన అట్టపెట్టెలో అరచేతి వెడల్పున ఒక హెడ్‌ఫోను యాంప్లిఫయరు, దాని నెత్తిన దూడ కొమ్ముల్లా రెండు గాజు బుడ్లు ఉన్నాయి. వాటిని మన పెద్దలు వాల్వులనేవారు, అతను ట్యూబులంటాడు. ఒక బుడ్డిని పీకి, అదే కొలత గల ఇంకొక బుడ్డిని గుచ్చి, పాట మారిపోయిందని పరవశించే విద్యకు ట్యూబ్ రోలింగ్ అని పేరట. ఆ మాటలో మా అమ్మకు రోలు ఒక్కటే అర్థమై, “మిక్సీ ఉండంగా రోలెందుకు నాయనా?” అని అడిగింది. ఈ విషయం మీద నేను ఇంతవరకు విన్న ప్రశ్నల్లో అంత సూటిగా ఉన్నది మరొకటి లేదు.

శాస్త్రాన్ని గౌరవించే వాణ్ణి గనుక పూర్వాపరాలు చెప్పి ముందుకు పోతాను. గాలి తీసేసిన గాజు బుడ్డిలో తీగను కాల్చి, ఆ వేడికి ఎగిరే ఎలక్ట్రాన్లను ఎదుటి రేకుకు పట్టించే ఏర్పాటును ఫ్లెమింగ్ 1904లో చేశాడు. 1906లో లీ డి ఫారెస్ట్ ఆ రెంటి నడుమ గ్రిడ్డు అనే జల్లెడ వంటి మూడో ధ్రువాన్ని పెట్టాడు. దాంతో చిన్న సంకేతం పెద్దదై, రేడియోలు నోరు తెరిచాయి. 1947లో బెల్ లాబ్స్ వాళ్ళు ట్రాన్సిస్టరును కనిపెట్టేసరికి వేడెక్కే బుడ్ల అవసరం తీరిపోయిందని లోకం అనుకుంది. లోకానికి మా బామ్మర్ది సంగతి అప్పటికి తెలియదు.

వాల్వులు మార్చడమనేది తిరుపతికి కొత్త కాదు. నా చిన్నప్పుడు గాంధీ రోడ్డు సందులో ఒక రేడియో మెకానిక్కు ఉండేవాడు. సెట్టు వెనక అట్ట విప్పి, స్క్రూడ్రైవరు మొనను ఒక్కొక్క వాల్వు గ్రిడ్డు కాలికి తాకించేవాడు. స్పీకరు “గుర్ర్” మంటే అక్కడిదాకా ప్రాణం ఉన్నట్టు, మూగబోతే ఆ వాల్వు చచ్చినట్టు. చచ్చినదాన్ని పీకి బతికినదాన్ని పెట్టేవాడు. రేడియో పలికేది. నాయన డబ్బులిచ్చేవాడు. ఏ కంపెనీ వాల్వు వేశావని గానీ, దాని గొంతులో తేనె ఎంత, మీగడ ఎంత అని గానీ నాయన అతణ్ణి ఏనాడూ అడగలేదు. అప్పుడు పలకని రేడియో పలకడానికి వాల్వు మార్చేవారు. ఇప్పుడు చక్కగా పలుకుతున్నదాని నోరు మూయించి మారుస్తున్నారు.

మా బామ్మర్ది యంత్రం ఖరీదు ఆరు వేలు. ఇంతవరకు అందులోకి ఎక్కి దిగిన వాల్వుల ఖరీదు ఇరవై మూడు వేలు. పైగా అది హైబ్రిడ్ జాతి: హెడ్‌ఫోన్లను నిజంగా మోసేది లోపల దాక్కున్న ట్రాన్సిస్టర్లే. పైన కనిపించే వాల్వు పెళ్ళి ఊరేగింపులో తోటి పెళ్ళికొడుకు వంటిది. పెళ్ళి తనది కాదు, అలంకరణకు మాత్రం లోటు ఉండదు. ఆ అలంకరణ కూడా సొంతం కాదు. వాల్వు లోపలి ఎర్రదనం పగటి వెలుతురులో సరిగ్గా కనబడదని, తయారు చేసినవాడు సాకెట్టు కింద ఒక నారింజ రంగు ఎల్.ఇ.డి. బిగించి పంపాడు. దీపం కింద చీకటి ఉంటుందని పెద్దలు అన్నారు గానీ, దీపం కింద ఇంకో దీపం ఉంటుందని వాళ్ళు ఊహించలేదు. ఆ వెలుగును చూసి “ఎంత వెచ్చటి సౌండు బావా” అని అతను కళ్ళు మూసుకుంటాడు. చూడవలసినదంతా చూశాకనే మూసుకుంటాడు.

తేడా అసలు ఉండదని నేననను. ఈసీసీ82 అనే రకం, సంకేతాన్ని పెంచడంలో పదిహేడు రెట్ల వాల్వు, ఈసీసీ83 అనేది నూరు రెట్లది. రెంటికీ కాళ్ళు ఒకే వరసలో ఉంటాయి గనుక ఒకదాని చోట మరొకటి పెడితే శబ్దం పెరుగుతుంది, కాస్త గట్టిగా వినబడినదాన్నే మనిషి చెవి మెరుగైనదిగా ఎంచుతుంది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు లేని పెద్ద వాల్వు యాంప్లిఫయర్లకు మూడు వందల ఓముల హెడ్‌ఫోను తగిలిస్తే, ఆ హెడ్‌ఫోను ఇంపెడెన్సు, అంటే కరెంటుకు అది చూపే అడ్డు, అన్ని స్వరాలకూ ఒకేలా ఉండదు గనుక బేసు కొంచెం ఉబ్బడమూ నిజమే. అయితే శబ్దాన్ని సమానం చేసి, కళ్ళకు గుడ్డ కట్టి, ఏది ఏదో చెప్పమన్న రోజున మా బామ్మర్ది ఇచ్చిన సమాధానం ఇది: “ఒత్తిడిలో చెవి పని చెయ్యదు బావా.” కళ్ళకు గుడ్డ కడితే చెవికి ఒత్తిడి ఎందుకు వస్తుందో వైద్యులు పరిశోధించవలసి ఉంది.

కంపెనీ పేర్ల మహిమ వేరే సంగతి. ముల్లార్డు వాల్వులో అతనికి ఇంగ్లీషువాడి మర్యాద వినబడుతుంది. టెలిఫంకెన్‌లో జర్మనుల క్రమశిక్షణ. టెలిఫంకెన్ వాల్వు అడుగున గాజులో వజ్రం గుర్తు ఉంటుంది కాబట్టి, పిల్లవాడి కాళ్ళు చూసి జాతకం చెప్పేవాడిలా ముందు దాన్ని బోర్లించి చూస్తాడు. ఆ కాలంలో కంపెనీలు ఒకరి సరుకు ఒకరు కొనుక్కొని తమ పేరు అచ్చు వేసుకొని అమ్ముకునేవని చెప్పి చూశాను. అందుకే ఒరిజినల్ దొరకడం అంత కష్టమని నాకే బోధించాడు.

ఇక ఆ ఆదివారం సాయంత్రం జరిగిన సభ గురించి చెప్పకుండా ఉండలేను. బైరాగిపట్టెడలో వాళ్ళ మిద్దె మీది గది, మే నెల, ఫ్యాను చప్పుడు సూక్ష్మ స్వరాలను మింగేస్తుందని ఫ్యాను ఆపేశాడు, వీధిలోని ఆటోల మోత లోపలికి రాకూడదని కిటికీ మూశాడు. చేతులకు తెల్లటి గుడ్డ తొడుగులు వేసుకొని వాల్వును అటూ ఇటూ మెల్లగా ఊపుతూ, పాలపన్ను పీకినట్టు పీకాడు. కొత్తది గుచ్చాడు. అది వేడెక్కడానికి అరగంట మౌనం పాటించమన్నాడు. గదిలో నేను అప్పటికే వేడెక్కి ఉన్నాను. అరగంట తరువాత హెడ్‌ఫోను నా నెత్తిన పెట్టి, ఒక కీర్తన వినిపించి, “ఏం వినపడింది బావా?” అని అడిగాడు.

“పాట వినపడింది” అన్నాను.

ఎక్కాలు రాని పిల్లవాణ్ణి చూసే పంతులులా చిరునవ్వు నవ్వి, ఇంకో వాల్వు గుచ్చి, ఇంకో అరగంట కాచి, మళ్ళీ అడిగాడు. “బాగుంది” అన్నాను. అది కూడా చెల్లలేదు. ఏ స్థాయిలో బాగుంది, మృదంగం ముందుకు వచ్చిందా వెనక్కు పోయిందా, గాయని ఎంత దూరంలో కూర్చుంది అని గుచ్చి గుచ్చి అడిగాడు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదని మూడో వాల్వుకు సిద్ధపడ్డాను. అప్పటికి తొమ్మిదయింది. కింద వంటింట్లో నుంచి మెట్ల మీదుగా రాగి సంగటి ఆవిరి, నాటుకోడి పులుసు వాసన పైకి వస్తున్నాయి. నాకు కీర్తన వినబడటం మానేసి చాలాసేపయింది. “ఇప్పుడు చెప్పు బావా” అనగానే, నాకు తెలిసినదే చెప్పాను:

“అడుగున బాగా చిక్కబడింది. పైన నూనె తేలుతోంది. నడుమ మిరియాల ఘాటు గొంతుకు తగులుతోంది. ధనియాలు కాస్త ఎక్కువే. అయితే... ఎక్కడో కొంచెం అడుగంటినట్టుంది.”

మా బామ్మర్ది కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “బావా! ఆ అడుగంటడమే మిడ్‌రేంజి, నడిమి స్వరాలు! దాన్ని పట్టుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది, నువ్వు ఒక్క రోజులో పట్టేశావు!” అని నోటుపుస్తకం తెరిచి నేను చెప్పిన మాటలన్నీ తేదీ వేసి రాసుకున్నాడు. ఇంతలో కింద నుంచి అతని భార్య గొంతు వినబడింది: “ఏమన్నా, పులుసు అడుగంటిన వాసన అంతదూరం వచ్చిందా?” హెడ్‌ఫోను నా నెత్తిన ఉన్నా నాకు వినబడింది. ఏ హెడ్‌ఫోనూ పెట్టుకోని మా బామ్మర్దికి వినబడలేదు.

ఇక్కడితో ఆగితే ఇది నవ్వుకొని వదిలేసే ముచ్చటే. మనిషి తన డబ్బుతో తన చెవిలో ఏం పోసుకుంటే నాకేం? కానీ దసరాకు మా ఇంటికి వచ్చినప్పుడు, అటక మీద ఉన్న నాయన రేడియోను “దుమ్ము దులిపి పెడతాను బావా” అని దించాడు. ఐదు వాల్వుల సెట్టు. నాయన పోయాక కూడా నెలకొకసారి అమ్మ దాన్ని దింపించి పెట్టించుకునేది. స్విచ్చి వేశాక అర నిమిషం దాకా ఏమీ రాదు. ఆ అర నిమిషమూ ఆమె సెట్టు ముందు చేతులు కట్టుకొని నిలబడేది, నాయన నిలబడినట్టే. దాంట్లో శబ్దాన్ని స్పీకరుకు అందించే చివరి వాల్వు ఈఎల్84, బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి తయారీ. దుమ్ము దులపడమంటే ఆ వాల్వును జేబులో వేసుకొని పోవడమని నాకు దీపావళి దాకా తెలియలేదు.

దాన్ని తీసుకెళ్ళి తన బొమ్మలో గుచ్చాడు. ఎందుకంటే, కాళ్ళు సరిపోయాయి. “తొమ్మిది కాళ్ళూ పట్టాయి బావా!” అని నాతో గర్వంగా చెప్పాడు. తొమ్మిది కాళ్ళు పడితే సరిపోతుందా? ఏ కాలు దేనికో చూడవద్దా? నాయన వాల్వు హీటరుకు, అంటే లోపల వేడెక్కే తీగకు, కావలసింది 6.3 వోల్టులు, ఇతని సాకెట్టులో అవే నాలుగు, ఐదు కాళ్ళకు వచ్చేది పన్నెండు. తాటాకు మంటలా భగ్గుమని వెలిగి, ఆరిపోయింది. నా ముందు జరిగి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు. అతనికి మాత్రం అందులో గుర్తుండిపోయింది వెలుగు: “ఆ కాసేపూ ఏం వెలుగు బావా, ఎల్.ఇ.డి. దాని ముందు బలాదూరు!”

ఊరూరా తిరిగి పాత రేడియోలు కొని, నాలుగు బుడ్లు పీక్కొని, టేకు పెట్టెను పాత ఇనుప సామాన్లవాడికి తోసేసే పెద్దమనుషులారా, ఒక మాట అడుగుతాను. మీకు అంత శ్రవణ జ్ఞానం ఉంటే, పలుకుతున్న సెట్టు గొంతు కోసేటప్పుడు ఆ చప్పుడు వినబడలేదా? నాయనకు ఆ రేడియో మూడు నెలల జీతం. మీకు అది అవయవాలు కోసుకునే “డోనర్”. సిగ్గుండాలి.

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పుకున్నాను. తమ్ముడిది కాబట్టి ఆమె అటూ ఇటూ కాకుండా, రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టుంది మీ వ్యవహారం అంది. మరునాడు బామ్మర్ది తలవంచుకొని వచ్చాడు. తప్పయిందన్నాడు, కొత్త వాల్వు తెప్పిస్తానన్నాడు, డబ్బులు తనవేనన్నాడు. నా కోపం సగం దిగింది. గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కు తిరిగి, “ఏ కంపెనీది తెప్పించమంటావు బావా? ఒక్కోదానికి ఒక్కో సౌండు కదా” అన్నాడు.

పలికేది తెప్పించమన్నాను. అలాంటి కంపెనీ పేరు తానెప్పుడూ వినలేదన్నాడు.