వేదికెక్కే ముందు ఆ పేజీ చరిత్ర చూడండి

ఈసారి మన సంఘం ఉగాది సంబరాల్లో ముఖ్య అతిథి పరిచయాన్ని తెలుగు వికీపీడియా నుంచి దించుకొచ్చి చదివారు. మొదటి వాక్యంలోనే ఆయన కులం. ఖాతా లేని వాడుకరి ఎవరో అంతకు కొద్దిరోజుల ముందే దాన్ని చొప్పించారు, మూలం ఇవ్వలేదు. చదివినవారిని అందరూ తప్పుపట్టారు. పేజీని సరిదిద్దినవారు మాత్రం లేరు.

"మీరు ఎవరి తాలూకు?" అని ఆరా తీయడంలో ఆపేక్ష ఉంటుంది, కాదనను. కానీ విజ్ఞానసర్వస్వంలో ఆధారం లేని కులానికి చోటు లేదు.

సరిదిద్దడం తెలిసి ఉండాలి. పేజీ పైనున్న 'చరిత్ర' నొక్కి, కూర్పులను (ఒక్కో మార్పు తర్వాత పేజీ ఉన్న రూపాలను) పోల్చి, చివరి మంచి కూర్పు ఏదో పట్టుకోవాలి. చాలామంది పైనున్న ఒక్క దిద్దుబాటునే రద్దు చేస్తారు. దుశ్చర్య, అంటే కావాలని పేజీని పాడుచేయడం, చేసినవారు వరసగా మూడు నాలుగు మార్పులు చేసి ఉంటే మిగతావి పేజీలోనే ఉండిపోతాయి. అలాగని పాత కూర్పును తెరిచి ప్రచురిస్తే, మధ్యలో ఇతరులు చేర్చిన మంచి సమాచారమూ పోతుంది. దాన్ని మళ్ళీ చేర్చాలి. సమాచారపెట్టెలో (వ్యాసం పక్కన ముఖ్య వివరాలుండే పట్టికలో) తప్పు కనిపిస్తూ, దిద్దుబాటుకు తెరిచిన వ్యాసం పాఠ్యంలో అది దొరక్కపోతే వికీపీడియాకు తోడుగా ఉన్న సమాచార నిధి వికీడేటాలో వెతకండి. కొన్ని పెట్టెల్లోకి వివరాలు అక్కడినుంచే వస్తాయి.

బూతులు ఎవరికైనా కనిపిస్తాయి. పుట్టిన సంవత్సరం 1932ను 1923గా మారిస్తే ఎవరూ గమనించరు, అసలు ప్రమాదం అదే. అంకె మారినచోట మూలం తెరిచి చూడాల్సిందే. తర్వాత ఆ వాడుకరి ఇతర పేజీల్లో ఏం చేశారో కూడా చూడాలి.

కొత్తవారు తెలియక చేసే తప్పులూ ఉంటాయి కాబట్టి, ముందు వారి చర్చ పేజీలో మర్యాదగా రాయండి. ఆగకపోతే నిర్వాహకులకు చెప్పి, పేజీకి పాక్షిక సంరక్షణ అడగండి. అప్పుడు ఖాతా లేనివారు, కొత్త ఖాతాలు దాన్ని మార్చలేరు. పోటీపడి రద్దు చేస్తూ పోవద్దు. ఆంగ్ల వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకు మించి రద్దు చేస్తే మీరే దిద్దుబాట్లు చేయకుండా నిరోధం పడవచ్చు. స్పష్టమైన దుశ్చర్యకు మినహాయింపు ఉన్నా, కులం గొడవను అందరూ దుశ్చర్యగా ఒప్పుకోరు.

సభ్యులారా, ఒక ఖాతా తెరవండి. మీ ఊరి పేజీనీ, మన సంఘం పిలిచే అతిథుల పేజీలనూ, మార్పులు జరిగితే చూపించే వీక్షణ జాబితాలో పెట్టుకోండి. కార్యవర్గానికి మరో మనవి: వచ్చే సంబరాలకు అతిథి పరిచయాన్ని వారినే రాసి పంపమని అడగండి.